చక్రాల లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ చక్రాల చుట్టూనే తిరిగాయి. స్పోర్ట్స్ కారుకు వెడల్పు టైర్లు వేయాలని ఒకరు, కొత్త రిమ్ములతో స్టీరింగ్‌కు వణుకు తెచ్చుకున్నది ఒకరు, మంచు పడే ఊళ్లో సమ్మర్ టైర్లతో ఏం చేయాలో తెలియనిది మరొకరు. "మా కారుకు ఏ రిమ్ము పడుతుంది?" అని ఒక్క ముక్కలో అడిగితే జవాబు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ము వెడల్పు నడిమి నుంచి, అది కారుకు ఆనే హబ్ ముఖం దాకా ఉన్న దూరం), బోల్టుల వరస, మధ్య రంధ్రం కొలత రాసి పంపినవారి ఉత్తరాలనే ముందు తీసుకున్నాం.

ప్రశ్న: నాది ఆక్టేవియా ఆర్‌ఎస్ 230. కంపెనీ రిమ్ములు 18 అంగుళాలు, 7.5జే, ఈటీ51. టైర్లు 225/40 ఆర్18, అరిగిపోయాయి. ఎలాగూ మారుస్తున్నావు కదా, 19 అంగుళాలకు వెళ్లమని స్నేహితులు అంటున్నారు. 8.5జే ఈటీ35 రిమ్ములు కళ్లు మూసుకుని వేసుకోవచ్చని షాపతను చెప్పాడు. నమ్మొచ్చా? – పాఠకుడు, కొండాపూర్, హైదరాబాద్

జవాబు: కళ్లు తెరిచే వేసుకుందాం. ఒక కాగితం తీసుకోండి. 7.5జే అంటే రిమ్ము వెడల్పు 7.5 అంగుళాలు, ఈటీ51 అంటే ఆఫ్‌సెట్ 51 మి.మీ. 225/40 ఆర్18 అంటే టైరు వెడల్పు 225 మి.మీ., గోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు.

రిమ్ము వెడల్పును అంగుళాల్లోంచి మిల్లీమీటర్లలోకి మార్చి సగం చేయండి. మీ పాత రిమ్ము 7.5 అంగుళాలు, అంటే 190.5 మి.మీ.; సగం 95. ఆఫ్‌సెట్ 51. సగంలోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే హబ్ ముఖం నుంచి రిమ్ము బయటికి ఎంత ఉందో తెలుస్తుంది: 44 మి.మీ. సగానికి ఆఫ్‌సెట్ కలిపితే లోపలికి ఎంత ఉందో తెలుస్తుంది: 146 మి.మీ. ఇప్పుడు షాపతను చెప్పిన 8.5జే ఈటీ35 చూడండి. సగం 108. బయటికి 73, లోపలికి 143. అంటే లోపల 3 మి.మీ. ఖాళీ పెరిగింది, అది ఎవరికీ అక్కర్లేదు. బయటికి మాత్రం 29 మి.మీ. పొడుచుకొచ్చింది. ఖాళీగా నిలబెట్టిన కారుకు ఇది పట్టినట్టే కనిపిస్తుంది, ఫొటోలో బాగా కూడా ఉంటుంది. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో రెండు సూట్‌కేసులతో స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు ఫెండర్ (చక్రం మీది రేకు) లోపలి మడత టైరు భుజాన్ని కోస్తుంది. కోత మొదట్లో గోటిగీతంత ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. మీది ముందు చక్రాలతో నడిచే కారు. చక్రం అంత బయటికి జరిగితే స్టీరింగ్ తిరిగే ఇరుసుకూ టైరు ఆనే చోటుకూ మధ్య దూరం మారిపోతుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు స్టీరింగ్ పక్కకు లాగడం, గతుకు తగిలితే చేతిలోంచి గుంజుకోవడం దీనివల్లే. బేరింగ్ మీద భారం కూడా పెరుగుతుంది.

మా సలహా 18 అంగుళాలే. కొత్త రిమ్ములే కావాలంటే 8జే ఈటీ45 చూడండి. లోపలి వైపు పాతదానితో దాదాపు సమానం, బయటికి 12 మి.మీ. మాత్రమే వస్తుంది. దాని మీద 225/40 నిండుగా కూర్చుంటుంది. ఆ టైరును కొలిచే ప్రామాణిక రిమ్ము వెడల్పే 8 అంగుళాలు. 235/40 ఆర్18 కావాలంటే అదీ పడుతుంది, కానీ వ్యాసం 637 నుంచి 645 మి.మీ.కు, అంటే 1.3 శాతం పెరుగుతుంది. స్పీడోమీటర్ 100 చూపించినప్పుడు కారు మునుపటికన్నా ఆ మేరకు ఎక్కువ వేగంతో పోతుంటుంది. ఇబ్బందేమీ లేదు. 2 శాతం దాటనివ్వొద్దు.

19కి ఎందుకు వద్దంటున్నామంటే, 235/35 ఆర్19లో టైరు గోడ 82 మి.మీ., మీ 225/40 ఆర్18లో 90. ఈ 8 మి.మీ. కాగితం మీద చిన్నదే. వాన వెలిసిన మర్నాడు నీళ్లు నిండిన గుంతలో చక్రం పడితే, రిమ్ము అంచుకూ గుంత అంచుకూ మధ్య టైరు గోడ నలుగుతుంది. లోపలి దారాలు తెగుతాయి. రెండు రోజుల తర్వాత గోడ మీద నిమ్మకాయంత బుడ్డ కడుతుంది. దానికి ప్యాచ్ లేదు, మరమ్మతు లేదు, టైరు పారేయాల్సిందే. పైగా 19 అంగుళాల రిమ్ము సాధారణంగా బరువు. బ్రేకు, సస్పెన్షన్, యాక్సిలరేటర్ మూడూ ఆ బరువును మోయాలి.

మిగిలిన డబ్బు టైరు మీద పెట్టండి. గోడ మీద 92వై, ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని ఉన్నది తీసుకోండి. 92 అంటే ఒక్కో టైరు 630 కిలోలు మోస్తుంది. వై అంటే 300 కి.మీ. వేగానికి పరీక్షించినది. అదే సైజులో 88 అని ఉన్నది చౌకగా దొరుకుతుంది, 560 కిలోలే మోస్తుంది. అది మీ కారుకు వద్దు. తలుపు అంచున లేదా పెట్రోలు మూత లోపల ఉన్న స్టిక్కరు చూసి, అందులో రాసినదానికన్నా తక్కువ అంకె ఎప్పుడూ తీసుకోకండి. ఎక్స్‌ఎల్ టైరు తన పూర్తి బరువు మోయడానికి 42 పీఎస్‌ఐ దాకా గాలి అడుగుతుంది. కాబట్టి టైరు రకం మారినప్పుడు పాత అలవాటు కొద్దీ 30 కొట్టించి వదిలేయకూడదు.

రకం విషయానికొస్తే, మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి పన్నెండు నెలలూ సమ్మర్ టైరే సరైనది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్, కాంటినెంటల్, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా, అపోలో చేతిలో ఉన్న వ్రెడెస్టైన్ అల్ట్రాక్ వరసల్లో ఏది తీసుకున్నా ఎండలో తేడా మీకు అంతగా తెలియదు. తొలకరి వానకు, నాలుగు నెలల నూనె మరకలు పైకి తేలిన రోడ్డు మీద తెలుస్తుంది. తడి రోడ్డు మీద బ్రేకు ఎలా పడుతుందన్నదే మొదటి ప్రమాణంగా పెట్టుకోండి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలి. అందుకే ఇక్కడ అన్ని సైజులూ అన్నివేళలా దొరకవు. ముందు టైరు దొరుకుతుందో లేదో చూసుకుని ఆ తర్వాత రిమ్ము కొనండి. చాలామంది తిరగేసి చేస్తారు, 19 అంగుళాల రిమ్ములు డిక్కీలో పెట్టుకుని ఊరంతా టైర్ల కోసం తిరుగుతారు.

ప్రశ్న: టయోటా జీఆర్86 ఉంది. రోజూ ఆఫీసుకు ఇదే కారు. నెలకోసారి ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కో కారు సమయంతో పోటీపడే పరుగు), ఏడాదికి రెండుసార్లు ఆస్టిన్‌లోని కోటా ట్రాక్. కంపెనీ సైజు 215/40 ఆర్18, రిమ్ము 7.5జే ఈటీ48. 17×9 ఈటీ42 మీద 245/40 వేయాలా, 18×9.5 ఈటీ38 మీద 255/35 వేయాలా? టైరు ట్రెడ్‌వేర్ (ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 200దా, 300దా? – పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: 17×9 వైపే మా మొగ్గు. పై జవాబులోని లెక్కే మళ్లీ వేస్తే, పాత రిమ్ము బయటికి 47, లోపలికి 143. 17×9 ఈటీ42 బయటికి 72, లోపలికి 156. అంటే బయటికి 25, లోపలికి 13 మి.మీ. పెరుగుదల. 18×9.5 ఈటీ38 అయితే బయటికి 35, లోపలికి 15. రెండోదానికి ఫెండర్ మడత వంచాలి, లేదా క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) బాగా పెంచాలి, చాలాసార్లు రెండూ చేయాలి. రోజూ ఆఫీసుకెళ్లే కారుకు అంత తంటా అక్కర్లేదు. 245/40 ఆర్17 వ్యాసం 628 మి.మీ., మీ కంపెనీ టైరుది 629. గేర్ల లెక్క, స్పీడోమీటర్ ఏమీ మారవు. టైరు ధర కూడా 17లోనే తక్కువ, ట్రాక్ రకాల్లో ఎంపిక ఎక్కువ.

కొనేముందు చూడాల్సినవి: బోల్టుల వరస 5×100 (100 మి.మీ. వలయం మీద ఐదు బోల్టులు), మధ్య రంధ్రం 56.1 మి.మీ., స్టడ్ ఎం12×1.25 (మందం 12 మి.మీ., ఒక్కో మర చుట్టు 1.25 మి.మీ.). 5×100 అని రాసి ఉన్నా మధ్య రంధ్రం పెద్దగా ఉండే రిమ్ములే మార్కెట్లో ఎక్కువ, హబ్‌కూ రంధ్రానికీ మధ్య ఖాళీని నింపే రింగులు తప్పనిసరి. మీ కారుకు బ్రెంబో బ్రేకుల ప్యాకేజీ ఉంటే 17 అంగుళాల రిమ్ములు అన్నీ పట్టవు. రిమ్ము చువ్వ వెనక వంపు క్యాలిపర్‌కు (బ్రేకు డిస్కును పట్టే భాగానికి) తగులుతుంది. రిమ్ము తయారీదారు ఇచ్చే కాగితం అచ్చును అసలు కొలతలో ప్రింటు తీసి, అట్టకు అంటించి కత్తిరించి, హబ్ మీద పెట్టి చూసుకోండి. పది నిమిషాల పని, తిప్పి పంపే ఖర్చు తప్పుతుంది. క్యాలిపర్‌కూ రిమ్ముకూ మధ్య కనీసం 3 మి.మీ. గాలి ఉండాలి.

ఇక క్యాంబర్. మీ కారు ముందు చక్రాలు దాదాపు నిటారుగా వస్తాయి. మలుపులో టైరు బయటి భుజం మీదే భారమంతా పడి, రెండు ట్రాక్ రోజుల్లోనే ఆ అంచు నున్నగా అరుగుతుంది. మధ్యలో ట్రెడ్ ఇంకా సగం ఉంటుంది, టైరు మాత్రం చచ్చిపోతుంది. ముందు మైనస్ 2 నుంచి 2.5 డిగ్రీలు, వెనక మైనస్ 1.5 నుంచి 2 పెట్టించి, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం సున్నాకు దగ్గరగా ఉంచండి. రోజువారీ వాడకంలో లోపలి అంచును తినేది క్యాంబర్ కన్నా టో. ఒక కిటుకు: స్ట్రట్‌కూ (స్ప్రింగు, షాకబ్జార్బరు ఉన్న నిలువు కడ్డీకీ) నకిల్‌కూ (హబ్‌ను పట్టే భాగానికీ) మధ్య క్యాంబర్ బోల్టు వేసి సాధిస్తే టైరు పైభాగం స్ట్రట్ వైపు వాలుతుంది, లోపల ఉన్న కాస్త ఖాళీ తగ్గుతుంది. స్ట్రట్ పైన క్యాంబర్ ప్లేటు వేస్తే స్ట్రట్ కూడా చక్రంతోపాటు వాలుతుంది, ఖాళీ అలాగే ఉంటుంది. 9 అంగుళాల రిమ్ముతో బోల్టుల దారి పట్టేవాళ్లు అలైన్‌మెంట్ అయ్యాక టైరుకూ స్ట్రట్‌కూ మధ్య వేలు పెట్టి చూసుకోవాలి. 4, 5 మి.మీ. కన్నా తక్కువ ఉంటే వద్దు.

200దా, 300దా అన్నది మీరు దేన్ని వదులుకోగలరన్న ప్రశ్న. ట్రెడ్‌వేర్ అంకెను తయారీదారు తన పరీక్షతో తానే వేసుకుంటాడు. ఒక కంపెనీ 200ను ఇంకో కంపెనీ 200తో పోల్చి మైళ్లు లెక్కపెట్టకండి. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యోకోహామా ఏ052 రెండూ 200లే. ఆటోక్రాస్‌లో ఒక్క నిమిషం పరుగుకు అవి ఇట్టే వేడెక్కి పట్టిస్తాయి, కోటాలో ఇరవై నిమిషాలు తిప్పితే నీరసిస్తాయి. హాన్‌కుక్ ఆర్‌ఎస్4 కూడా 200దే, కానీ స్వభావం వేరు. వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది, ఎక్కాక ఎంతసేపైనా నిలబడుతుంది. ఈ మూడింటికీ ట్రెడ్‌లో నీళ్లు పోయే గాడులు తక్కువ. డల్లాస్‌లో వసంతకాలపు కుండపోతలో, సగం అరిగిన 200 టైరుతో హైవే ఎక్కితే కారు నీళ్ల మీద తేలుతుంది. అందుకే రెండు జతలు పెట్టుకోగలిగితే అదే ఉత్తమం. కంపెనీ రిమ్ముల మీద ఇప్పుడున్న పైలట్ స్పోర్ట్ 4 రోజువారీకి, 17×9 మీద ఆర్‌ఎస్4 లాంటిది ట్రాక్‌కి. ఒకటే జత అంటే కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02 చూడండి. ట్రెడ్‌వేర్ 340, తడిలో నమ్మకం, ఆటోక్రాస్‌లో సెకన్లు పోతాయి కానీ సరదా పోదు.

గాలి విషయంలో ట్రాక్ రోజున చల్లగా 30 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, దిగిన వెంటనే వేడి మీద కొలవండి. 35, 36కు చేరాలి. 40 దాటితే మధ్యభాగం ఉబ్బి పట్టు తగ్గుతుంది, వదిలించండి. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకోండి. మరిచిపోయేది ఇక్కడే. నట్టు బిగింపు 120 న్యూటన్ మీటర్లు. ప్రతి ట్రాక్ సెషన్ తర్వాత, రిమ్ము చల్లారాక టార్క్ పానాతో సరిచూడండి.

ప్రశ్న: పోలో జీటీ టీఎస్‌ఐకి బయటి అలాయ్ రిమ్ములు వేయించాను. 90 దాటాక స్టీరింగ్ వణుకుతోంది, 120 దగ్గర కాస్త తగ్గుతోంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, మిషన్ మీద సున్నా చూపిస్తోంది. రిమ్ము వంకరా? – పాఠకుడు, గుంటూరు

జవాబు: వంకర కావచ్చు, కానీ ముందు అనుమానించాల్సింది రిమ్మును కాదు, అది కారు మీద ఎలా కూర్చుందన్నదాన్ని. మిషన్ మీద రిమ్మును కోను నడిమికి పట్టి ఉంచుతుంది, అక్కడ అంతా సరిగానే ఉంటుంది. కారు మీద ఆ పని హబ్ చేయాలి.

మీ హబ్ వ్యాసం 57.1 మి.మీ. బయటి రిమ్ములు నాలుగైదు కంపెనీల కార్లకు పనికొచ్చేలా 73.1 లాంటి పెద్ద రంధ్రంతో వస్తాయి. మధ్యలో 73.1–57.1 రింగు పెట్టాలి. షాపులో తొందరలో పెట్టకపోయి ఉండొచ్చు, లేదా నాలుగులో రెండు పెట్టి ఉండొచ్చు. చక్రం విప్పి రిమ్ము వెనక చూడండి. రింగు ఉంటే చేత్తో నొక్కితే బిగుతుగా కూర్చోవాలి, గలగలలాడకూడదు. ప్లాస్టిక్ రింగు నగర ట్రాఫిక్‌కు చాలు, ఘాటు రోడ్లలో బ్రేకుల వేడికి కరిగి అతుక్కున్నవి ఉన్నాయి. అల్యూమినియంవి తీసుకోండి.

ఇంకా ముఖ్యమైనది బోల్టు. ఫోక్స్‌వాగన్, స్కోడా కంపెనీ బోల్టు తలకింది భాగం గోళంలా గుండ్రంగా ఉంటుంది. బయటి రిమ్ముల్లో చాలావాటికి 60 డిగ్రీల శంకువు ఆకారపు గుంట ఉంటుంది. పాత బోల్టులే బిగిస్తే, గోళం శంకువులో ఒక సన్నని గీత మీదే ఆనుతుంది. ఒక బోల్టు విప్పి రిమ్ము గుంటలో టార్చి వేసి చూడండి. రంగు గుంట నిండా సమానంగా నలిగి ఉంటే సరైన బోల్టు. సూది మొనతో గీసినట్టు ఒక్క ఉంగరం గీత మాత్రమే మెరుస్తుంటే తప్పు బోల్టు. అలాంటప్పుడు ఎంత బిగించినా కొన్ని వందల కిలోమీటర్లకు వదులవుతుంది. వణుకు అందులో చిన్న సమస్య, చక్రం ఊడటం పెద్ద సమస్య. బోల్టులు మార్చేదాకా హైవే ఎక్కొద్దు. ఆక్టేవియా పాఠకుడికీ ఇదే వర్తిస్తుంది.

కొత్తవి ఎం14×1.5, శంకువు తల, మరలు పొడవు రిమ్ము మందాన్ని బట్టి. చేత్తో తిప్పినప్పుడు బిగుసుకునేలోపు కనీసం తొమ్మిది చుట్లు తిరగాలి, అంటే బోల్టు మందమంత మర పట్టినట్టు. మరీ పొడవైనవి లోపల తగులుతాయి. బిగించాక చక్రం పైకెత్తి చేత్తో తిప్పి, గీరుతున్న చప్పుడు వినిపించకుండా చూసుకోండి.

బిగించే పద్ధతి: హబ్ ముఖం మీది తుప్పును వైర్ బ్రష్‌తో తోమండి. చక్రం గాల్లో ఉండగానే ఐదు బోల్టులూ చేత్తో తిప్పి, ఒకటి వదిలి ఒకటి చొప్పున నక్షత్రం వరసలో కాస్త బిగించండి. జాకీ దించి 120 న్యూటన్ మీటర్లకు టార్క్ పానాతో ముగించండి. గన్‌తో ఒకదాని తర్వాత ఒకటి గుండ్రంగా బిగిస్తే రిమ్ము ఒక పక్కకు కూర్చుంటుంది. మరలకు గ్రీజు రాయకండి. పొడి మరకు చెప్పిన టార్క్ గ్రీజు రాసిన మరను అంతకన్నా ఎక్కువ సాగదీస్తుంది. 100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి సరిచూడండి.

ఇవన్నీ చేశాక కూడా వణికితే అప్పుడు రిమ్ము సంగతి. ముందు చక్రాలు వెనకకూ వెనకవి ముందుకూ మార్చి నడపండి. వణుకు స్టీరింగ్‌లోంచి సీటులోకి మారితే చక్రంలోనే లోపం. అలాగే ఉంటే డిస్కులు, సస్పెన్షన్ బుష్షులు చూడాలి.

ప్రశ్న: బీఎండబ్ల్యూ ఎం340ఐ. ముందు 225/45 ఆర్18, వెనక 255/40 ఆర్18, రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు). వెనక ఒక టైరుకు బుడ్డ వచ్చింది. ఒక్కటే మార్చొచ్చా? ఈ వంకతో నాలుగూ మామూలు టైర్లకు మారిపోవచ్చా? – పాఠకురాలు, విజయవాడ

జవాబు: మిగతావి ఎంత అరిగాయో కొలవండి. లోతు కొలిచే చిన్న గేజీ ఏ టైరు షాపులోనైనా ఉంటుంది. పక్క టైరులో ట్రెడ్ కొత్తదానికి 2 మి.మీ. లోపు తేడాతో ఉంటే, అదే కంపెనీ, అదే మోడల్, గోడ మీద అదే నక్షత్రం గుర్తు ఉన్నది ఒక్కటి వేసి సరిపెట్టుకోండి. నక్షత్రం బీఎండబ్ల్యూ ఆమోదించిన టైరుకు గుర్తు. తేడా ఎక్కువైతే వెనక రెండూ మార్చాలి. మీది నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే కారు. ముందు, వెనక చక్రాల చుట్టుకొలతలు దగ్గరగా ఉండాలని మీ సైజులు ఎంచారు: ముందు వ్యాసం 660, వెనక 661 మి.మీ. ఈ లెక్క తప్పితే ట్రాన్స్‌ఫర్ కేసులోని (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టెలోని) క్లచ్ తిన్నని రోడ్డులో కూడా జారుతూ, వేడెక్కుతూ ఉంటుంది. దాని ఖర్చు ముందు టైర్ల ఖర్చు లెక్కలోకి రాదు.

మామూలు టైర్లకు మారడం గురించి: మారొచ్చు. గతుకుల్లో కారు నడత వెంటనే మెత్తబడుతుంది, పట్టు కూడా సాధారణంగా మెరుగు. మారితే నాలుగూ ఒకేసారి మారాలి. రెండు రన్‌ఫ్లాట్లు, రెండు మామూలువి కలిపితే గోడల బిగువు వేరై మలుపులో కారు ప్రవర్తన అయోమయంగా ఉంటుంది. వదులుకునేది ఒక్కటే: గాలి మొత్తం పోయినా గంటకు 80 కి.మీ. మించకుండా సుమారు 80 కి.మీ. వెళ్లగలిగే ధీమా. కారులో స్టెప్నీ లేదు. పంక్చర్ కిట్టు, గాలి పంపు పెట్టుకున్నా సీలెంట్ సీసా మేకు రంధ్రాన్ని పూడ్చగలదు తప్ప చిరిగిన గోడను కాదు. రాత్రిళ్లు ఒంటరిగా హైదరాబాద్ హైవే మీద తరచూ వెళ్తుంటే రన్‌ఫ్లాట్లే ఉంచుకోమంటాం. ఊళ్లోనే ఎక్కువ తిరిగితే మారండి. వీల్ బోల్టు టార్క్ 140 న్యూటన్ మీటర్లు. మార్చాక కారు తెరలో టైరు ప్రెషర్ రీసెట్ చేయడం మరవొద్దు.

ప్రశ్న: మస్టాంగ్ జీటీ, పెర్ఫార్మెన్స్ ప్యాక్, సమ్మర్ టైర్లు. మంచు పడ్డ రోజున బయటికి తీయను. మిగతా చలికాలమంతా వీటితోనే నడపొచ్చా? – పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వద్దు. సమస్య మంచు ఒక్కటే కాదు, చలి కూడా. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కింద సమ్మర్ టైరు రబ్బరు గట్టిపడుతుంది, పొడి రోడ్డు మీద కూడా వెనక చక్రాలు జారిపోతాయి. గడ్డకట్టే చలిలో రాత్రంతా నిలిపిన కారును ఉదయం కదిపితే ట్రెడ్ దిమ్మెల మధ్య పగుళ్లు పడొచ్చు. దానికి వారంటీ వర్తించదని తయారీదారులే రాస్తారు. కదపాల్సివస్తే గరాజులో వెచ్చబడ్డాకే కదపండి.

వేరే రిమ్ముల మీద శీతాకాలపు టైర్లు వేసుకోండి, గోడ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచురేకు బొమ్మ ఉన్నవి. నాలుగు మూలలకూ 235/50 ఆర్18 సరైన సైజు, ప్యాక్ లేని జీటీకి ఫోర్డ్ ఇచ్చిందే. మంచులో సన్నని టైరే మేలు. మీ బ్రెంబో బ్రేకుల మీద 18 అంగుళాల రిమ్ములన్నీ పట్టవు, ముందు సరిచూసుకోండి. వరస 5×114.3, మధ్య 70.5, నట్టు ఎం14×1.5, బిగింపు 204 న్యూటన్ మీటర్లు, అంటే 150 పౌండ్ ఫీట్. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గినప్పుడల్లా గాలి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది, నవంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: నైట్రోజన్ గాలి కొట్టిస్తే పట్టు పెరుగుతుందా? – పాఠకుడు, కర్నూలు

జవాబు: మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. పట్టు పెరగదు. తేమ లేని గాలి కాబట్టి వేడికి ప్రెషర్ మార్పు కాస్త ఊహించినట్టు ఉంటుంది, అది రేసు జట్టుకు పనికొచ్చే తేడా. ఉచితంగా కొడితే కొట్టించుకోండి. డబ్బు పెట్టాలంటే మంచి ప్రెషర్ గేజీ కొనండి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఎండలో నలభై కిలోమీటర్లు నడిపి బంకులో కొలిచి, ఎక్కువైందని గాలి తీయించేవాళ్లు మర్నాటికి తక్కువ గాలితో తిరుగుతుంటారు.

ప్రశ్న: ఆఫర్‌లో పెర్ఫార్మెన్స్ టైర్లు సగం ధరకు వస్తున్నాయి. ఎనిమిది బోల్టు రంధ్రాలున్న రిమ్ములతో కలిపి ఇస్తామంటున్నారు. అవి సరిగా పట్టడానికి 10 మి.మీ. స్పేసరు కూడా వేస్తారట. తీసుకోవచ్చా? – పాఠకుడు, వరంగల్

జవాబు: టైరు గోడ మీద డాట్ అక్షరాల చివర నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. రెండేళ్ల లోపువైతే, నీడలో నిల్వ ఉన్నవైతే, ఐఎస్‌ఐ గుర్తు ఉంటే బేరం బేరమే. ఆ అంకెలు ఒక పక్కే ఉంటాయి. గోడకు ఆనించి పెట్టి చూడనివ్వకపోతే తిప్పి చూపమనండి. నాలుగేళ్ల నాటి మెత్తరకం టైరు ట్రెడ్ నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, మీరు డబ్బు పెట్టేదే ఆ మెత్తదనానికి.

ఎనిమిది రంధ్రాల రిమ్ము రెండు వేర్వేరు నాలుగు బోల్టుల వరసలకూ పనికొస్తుంది. రిమ్ము వెనక జేడబ్ల్యూఎల్ గుర్తు (అలాయ్ రిమ్ములకు జపాన్ ప్రమాణం), మోయగల బరువు అచ్చు పోసి ఉంటే ఆలోచించండి, ఏమీ లేకపోతే వదిలేయండి. పాత రిమ్ముకు తర్వాత కొత్త రంధ్రాలు వేసినవైతే వాటిని ముట్టుకోకండి. స్పేసరు మాత్రం వద్దు. స్టడ్ల మీద ఊరికే జొప్పించే 10 మి.మీ. పళ్లెం మరలోంచి ఆ మేరకు మింగేస్తుంది, హబ్ మధ్య ఉబ్బును కూడా చాలాసార్లు కప్పేస్తుంది. అప్పుడు చక్రాన్ని నడిమికి పట్టేది ఏదీ ఉండదు. స్పేసరు వేస్తే తప్ప పట్టని రిమ్ము మీ కారు రిమ్ము కాదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం నేరం. మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే రిమ్ము, టైరు సైజు వేసుకుంటే ఆ తలనొప్పి ఉండదు, ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయరుకు చెప్పుకోవడానికీ సమాధానం ఉంటుంది. ట్రెడ్ 1.6 మి.మీ. గుర్తు దాకా అరిగాక కారు నడపడం కూడా చట్టవిరుద్ధమే. స్పోర్ట్స్ కారుకు మేం 3 మి.మీ. దగ్గరే, అది కూడా వానాకాలం మొదలవకముందే మార్చమంటాం.